డబుల్ బ్యారెల్‌కి వెంటిలేటెడ్ రిబ్ నిజంగా పనికొస్తుందా?

పాత_పన్నెండు:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. నా దగ్గర 12 బోర్ సైడ్ బై సైడ్ తుపాకీ ఉంది, అంటే రెండు గొట్టాలూ పక్కపక్కన ఉండేది. 28 అంగుళాల బ్యారెళ్లు, రెండు ట్రిగ్గర్లు, రెండు గొట్టాల మధ్య గుంటలా లోపలికి దిగి ఉండే పాతకాలపు గట్టి రిబ్ (గొట్టాల పొడవునా పైన ఉండే, చూపు పోయే పట్టీ). తాతగారి నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు వచ్చింది. ఇన్నాళ్లూ ఏడాదికి ఎప్పుడో నాలుగైదు తూటాలు కాల్చేవాణ్ణి, అందుకే రిబ్ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ ఏడాది క్లే టార్గెట్లు మొదలుపెట్టాను, అంటే గాల్లోకి విసిరే బిళ్లల్ని కొట్టే ఆట, అందులో ట్రాప్ అనే రకం. ఇప్పుడు ఒక్కో పూట నాలుగు రౌండ్లు, అంటే వంద తూటాలు.

రెండో రౌండ్ సగానికి వచ్చేసరికి బ్యారెళ్ల మీద సెగ లేవడం మొదలవుతుంది. తుపాకీ భుజానికి ఆనించి, టార్గెట్ వదలమని పిలిచే ముందు చూస్తే గొట్టాల చివర గురి కోసం ఉన్న పూస నీళ్లలో ఉన్నట్టు కదులుతూ కనిపిస్తుంది, మండే ఎండలో తారురోడ్డు మీద ఎండమావి చూసినట్టే. మొదటి రౌండ్లో 25కి 18, 19 కొడుతున్నాను, నాలుగో రౌండ్ వచ్చేసరికి 13కి పడిపోతున్నాను. తప్పినవాటిలో ఎక్కువ వాటికి గుండ్లు టార్గెట్ కింద నుంచి పోతున్నాయని వెనక నిలబడి చూసినవాళ్లు చెప్పారు.

తుపాకులు బాగుచేసే ఒకాయన, ఉన్న రిబ్ మీదే చిన్న చిన్న స్తంభాలు నిలబెట్టి దాని పైన వెంటిలేటెడ్ రిబ్ అతికిస్తానన్నాడు, ఆ తర్వాత మొత్తం మళ్లీ నీలం రంగు వేసి కొత్తదానిలా ఇస్తాడట. ఇంకొందరేమో అదంతా దండగ, ఎటూ వెంటిలేటెడ్ రిబ్‌తోనే వచ్చే ఓవర్ అండర్ (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేది) తీసుకో అంటున్నారు. అసలు ఈ రిబ్ వల్ల తేడా ఉంటుందా, లేక చూడటానికి మాత్రమేనా? సైడ్ బై సైడ్‌కి వేయిస్తే లాభమా నష్టమా? వాడి చూసినవాళ్లు చెప్పండి. తాతగారి వస్తువు, పాడు చేసుకోవాలని లేదు.

ట్రాప్_ఉదయం:

మీరు చూస్తున్నది నిజమే, భ్రమ కాదు. బ్యారెల్ వేడెక్కితే దాన్ని ఆనుకుని ఉన్న గాలి వేడెక్కుతుంది, పలచబడి పైకి లేస్తుంది, మీ చూపు సరిగ్గా ఆ పొర గుండానే పోతుంది కాబట్టి పూసా కదులుతుంది, దాని వెనక ఉన్నదీ కదులుతుంది. వెంటిలేటెడ్ రిబ్ చేసే పని చాలా సింపుల్. చూపు పోయే పట్టీని బ్యారెల్ నుంచి కాస్త పైకి లేపి, మధ్యలో ఖాళీలు వదులుతుంది. వేడి స్తంభాల గుండా మాత్రమే పట్టీకి చేరాలి కాబట్టి పట్టీ ఆలస్యంగా వేడెక్కుతుంది, బ్యారెల్ నుంచి లేచిన వేడి గాలి ఆ ఖాళీల్లోంచి పక్కకి పోతుంది. సెగ పూర్తిగా మాయమైపోదు. తగ్గుతుంది, అంతే.

అయితే ఇది ఏ ఆటలో పనికొస్తుందో చూడండి. ట్రాప్‌లో మనం తుపాకీ ముందే భుజానికి ఆనించి, కదలకుండా పట్టుకుని, టార్గెట్ కోసం ఎదురుచూస్తాం. ఆ రెండు మూడు సెకన్లలోనే సెగ కళ్లకి అడ్డం పడుతుంది. స్కీట్, స్పోర్టింగ్ లాంటి వేరే క్లే ఆటల్లో తుపాకీ కింద పట్టుకుని మొదలుపెట్టేవాళ్లకి ఈ గొడవ అంతగా తెలియదు, ఎందుకంటే తుపాకీ పైకి రాగానే ఊపులో ఉంటుంది, ఆ గాలికే సెగ చెదిరిపోతుంది. కాబట్టి ట్రాప్ ఆడేవాళ్ల ఓవర్ అండర్లకి వెంటిలేటెడ్ రిబ్ పనికొస్తుందా అంటే నా జవాబు నూటికి నూరు పాళ్లు అవును. నేను 10 మిల్లీమీటర్ల వెడల్పు రిబ్ వాడుతున్నాను, పొలాల్లో వేటకి వాడేవాటికి 6 సరిపోతుంది.

ఓవర్ అండర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఒక్కొక్క టార్గెట్టే వదిలే సింగిల్స్ ఆడేటప్పుడు కింది బ్యారెల్ ఒక్కటే కాలుస్తాం, ఎందుకంటే అది భుజానికి తిన్నగా ఉంటుంది, వెనక్కి తన్నే దెబ్బ మూతిని (గొట్టం ముందు కొనని) పైకి ఎగరేయకుండా తిన్నగా వెనక్కి తగులుతుంది. అంటే వేడెక్కేది రిబ్‌కి దూరంగా ఉన్న గొట్టం. మధ్యలో పై గొట్టం చల్లగా ఉంటుంది. మీ సైడ్ బై సైడ్‌లో ఏ గొట్టం కాల్చినా రిబ్‌కి సమాన దూరమే.

పక్క రిబ్బుల సంగతి కూడా అడుగుతారని చెబుతున్నా. ఓవర్ అండర్‌లో రెండు గొట్టాల మధ్య పక్కల ఉండే పట్టీలకీ ఖాళీలు ఇస్తారు. దాని వల్ల ముందు వైపు బరువు కొంచెం తగ్గుతుంది, రెండు గొట్టాల మధ్య గాలి ఆడుతుంది. ఒకే గొట్టం వరుసగా కాలిస్తే అది వేడికి సాగుతుంది, రెండోది సాగదు, రెండూ గట్టిగా అతికి ఉంటే మొత్తం వంగి గురి కొద్దిగా జరుగుతుంది. 71 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం 60 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు సాగుతుంది, లెక్క వేసుకోండి. 1932లో వచ్చిన రెమింగ్టన్ 32లో అసలు పక్క రిబ్బులే లేవు, రెండు గొట్టాల మధ్య ఖాళీ వదిలేశారు. దాని వారసుడే ఇప్పటి క్రీగాఫ్ కె-80.

పొలంగట్టు:

నేను క్లేలు పెద్దగా ఆడను, పక్షుల వేట మాత్రమే, అదీ అనుమతి ఉన్న చోట, సీజన్లో. నా మట్టుకు వెంటిలేటెడ్ రిబ్ అనవసరం అంటాను. ఒక పూటకి పది తూటాలు కాలిస్తే గొప్ప. బ్యారెల్ గోరువెచ్చగా కూడా అవదు. ఇంక సెగ ఎక్కడ?

వాడినంత కాలం దానితో పడిన ఇబ్బంది మాత్రం చెప్పాలి. వెంటిలేటెడ్ రిబ్ ఉన్న ఓవర్ అండర్ ఒకటి ఎనిమిదేళ్లు మోశాను. వానలో తడిసి ఇంటికొచ్చి తుడుస్తాం, పైన తుడుస్తాం, పక్కల తుడుస్తాం, ఆ పట్టీ కింద, స్తంభాల మొదట్లో ఉన్న నీటి చుక్కని ఎవరు తుడుస్తారు? గుడ్డ పోదు. ఒకసారి రెండు వారాల తర్వాత పెట్టె తెరిచి చూస్తే ఒక స్తంభం పాదం చుట్టూ పసుపు పొడి జల్లినట్టు సన్నటి తుప్పు. పాత టూత్ బ్రష్ నూనెలో ముంచి, అటు నుంచి ఇటు దారంలా గుడ్డపేలిక దూర్చి లాగి, ఒక పూటంతా పట్టింది. అయినా అక్కడ చిన్న మచ్చ ఉండిపోయింది. అప్పటి నుంచి తడిసిన ప్రతిసారీ ముందు ఆ ఖాళీల్లోకి గట్టిగా ఊది నీళ్లు తరిమి, తర్వాతే మిగతా పని.

ఇంకా ముళ్లకంపలో నుంచి వెళ్తే గడ్డిపోచలు, గింజలు అందులో ఇరుక్కుంటాయి. అది పెద్ద సమస్య కాదు గానీ, దెబ్బ తగిలితే మాత్రం సమస్యే. నాది ఒకసారి కంచె దాటేటప్పుడు జారి ఇనుప గడికి తగిలింది (తూటాలు తీసేసి, గొట్టాలు విరిచి తెరిచి పట్టుకునే దాటాను, ఆ విషయంలో నాకు రాజీ లేదు). రెండు స్తంభాల మధ్య పట్టీ చిటికెన వేలి గోరంత కిందకి నొక్కుకుపోయింది. గట్టి రిబ్ అయితే గీత పడేది, అంతే. పలచని పట్టీ కాబట్టి వంగింది. గురికి పెద్ద తేడా రాలేదు గానీ తుపాకీ ఎత్తిన ప్రతిసారీ కన్ను ఆ సొట్ట మీదికే పోయేది, పక్షిని చూడాల్సిన కన్ను.

సైడ్ బై సైడ్ అందమే వేరు, ఊరికే అనడం లేదు. ఎత్తగానే రెండు గొట్టాలు కలిసి వెడల్పుగా ఒక దారిలా కనిపిస్తాయి, ఆ గుంట రిబ్ మధ్యలో కనపడకుండా దిగిపోతుంది, చూపుకి ఏదీ అడ్డం రాదు. దాని మీద ఇంకో పట్టీ ఎక్కించడం నాకు మనసొప్పదు.

ఆకురాయి:

పాత_పన్నెండు గారూ, పని చేయించే ముందు దయచేసి ఇది మొత్తం చదవండి. నేను ఇరవై ఏళ్లుగా పాత జోడు గొట్టాల తుపాకుల బ్యారెళ్ల మీద పని చేస్తున్నాను.

ముందు రిబ్‌ని విడిగా చూడకండి. ఓవర్ అండర్‌లో గొట్టాలను కలిపి పట్టుకునేవి పక్క రిబ్బులు, పైన ఉన్న రిబ్ చూపు కోసం. అది ఊడినా గొట్టాలు విడిపోవు. సైడ్ బై సైడ్‌లో అలా కాదు. పై రిబ్, కింది రిబ్, ఈ రెండే ఆ గొట్టాల జతని మూతి దాకా కట్టి ఉంచేవి, లోపల నీళ్లు పోకుండా మూసేవి కూడా అవే. పాత తుపాకుల్లో దాదాపు అన్నీ మెత్తటి టంకంతో, అంటే తగరం సీసం కలిపిన టంకంతో అతికించినవే. ఆ టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఇప్పుడు దాని మీద కొత్త స్తంభాలు టంకం పెట్టి నిలబెట్టాలంటే అక్కడ అంత వేడి ఇవ్వాలి. కొత్త టంకం పట్టే వేడికి పాత టంకం ఊరుకుంటుందా? అంగుళం అంగుళానికి బిగింపులు కట్టుకుని, చాలా జాగ్రత్తగా చేస్తే తప్ప ఎక్కడో ఒక చోట కింది అతుకు వదులుతుంది. పైకి కనపడదు కూడా.

రెండోది, ఇదే నాకు ఎక్కువ భయం, ఆ నీలం రంగు. "కొత్తదానిలా చేసిస్తా" అంటే చాలామంది చేసేది వేడి కాస్టిక్ ద్రావణంలో ముంచడం. సింగిల్ బ్యారెల్‌కి అది పర్వాలేదు. టంకం పెట్టిన జోడు గొట్టాలకి అది విషం. ద్రావణం వేడి టంకాన్ని కరిగించేంత ఉండదు, కానీ కాస్టిక్ సోడా తగరాన్నీ సీసాన్నీ తినేస్తుంది. పైగా రిబ్ కింద సందుల్లోకి దూరిన ద్రావణం బయటికి రాదు, లోపలే ఉండి నెలల తరబడి తుప్పు పట్టిస్తుంది. ఒకసారి అలా వేరే చోట చేయించుకుని నా దగ్గరికి తెచ్చిన జతని నేను చేత్తో పట్టుకుని కాస్త తిప్పితే రిబ్ మూతి వైపు నుంచి ఎండిన తాటాకులా లేచొచ్చింది. జోడు గొట్టాలకి స్లో రస్ట్ పద్ధతి ఒక్కటే. మందు రాసి తుప్పు పట్టనివ్వాలి, మరిగే నీళ్లలో ఉడికించాలి, సన్నని తీగ బ్రష్‌తో దులపాలి, మళ్లీ రాయాలి, ఇలా ఎన్నోసార్లు. నీళ్లు 100 డిగ్రీలే కాబట్టి టంకానికి ఏమీ కాదు. ఆయన ఏ పద్ధతిలో చేస్తాడో అడగండి. జవాబు తడబడితే తుపాకీ తీసుకుని వచ్చేయండి.

ఇప్పుడు మీ ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని బ్యారెళ్లు విడదీయండి, ముందు కర్ర, ఎజెక్టర్లు (కాల్చిన తూటాల్ని బయటికి తోసేవి) ఉంటే అవీ తీసేయండి, లేకపోతే వాటి గలగలే మిమ్మల్ని మోసం చేస్తుంది. కింద ఉన్న కొక్కేనికి దారం కట్టి బ్యారెళ్లను నిలువుగా వేలాడదీసి, వేలి కణుపుతో నెమ్మదిగా తట్టండి. టంకం బాగుంటే ఖంగుమని మోగి, ఆ మోత సాగుతూ పోతుంది, కంచు గంటలా. ఎక్కడైనా వదిలితే పగిలిన కుండని తట్టినట్టు మొద్దుగా ఆగిపోతుంది, లేదా జుయ్యిమని సన్నటి వణుకు వినిపిస్తుంది. మూతి నుంచి వెనక చివర దాకా నాలుగు చోట్ల తట్టి చూడండి. రిబ్ అంచు వెంట గోధుమ రంగు గీత, లేదా వేడెక్కినప్పుడు అక్కడి నుంచి నూనె ఊరడం కనిపించినా అనుమానించాలి.

ఇంకో మాట. తాతగారి కాలం నాటిది అన్నారు. చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు చూసుకున్నారా? పాత 12 బోర్లలో చాలావాటికి 65 మిల్లీమీటర్లే, ఇప్పటి తూటాలు ఎక్కువగా 70. చాంబర్ 65 అయితే అందులో 70 వేయకూడదు, పట్టినట్టే ఉంటుంది గానీ పేలాక తెరుచుకోవడానికి చోటు చాలదు, ఒత్తిడి పెరుగుతుంది. వారానికి వంద కాల్చేవాళ్లు రిబ్ కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇది. గొట్టం గోడల మందం కూడా కొలిపించండి. తేలికపాటి పాత వాటిలో ముందు భాగంలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, దాని మీద ఆకురాయి పెట్టి స్తంభాలకి చోటు చేస్తానంటే ఒప్పుకోకండి.

రెండో_గొట్టం:

ఆకురాయి గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అతికించడం వద్దు. కానీ సైడ్ బై సైడ్‌కి వెంటిలేటెడ్ రిబ్ ఎప్పుడూ పనికిరాదు అంటే మాత్రం ఒప్పుకోను. కంపెనీ నుంచే అలా వచ్చినవి ఉన్నాయి. వించెస్టర్ 21 వెంటిలేటెడ్ రిబ్‌తో దొరికేది, తర్వాత వచ్చిన వించెస్టర్ 23కి కూడా ఉండేది, పార్కర్ ట్రాప్ తుపాకులకీ వేసేవారు. వాళ్లు దాన్ని ముందు నుంచీ లెక్కలో పెట్టుకుని కర్ర ఎత్తు, చెంప ఆనే అంచు, బరువు అన్నీ దానికి తగ్గట్టు చేశారు. నాది అలాంటిదే, వేరే కంపెనీది, పదకొండేళ్లుగా క్లేలకి వాడుతున్నాను. నాకు నచ్చిన విషయం సెగ తగ్గడం కంటే, ఆ వెడల్పాటి రెండు గొట్టాల మధ్య ఎత్తుగా సన్నటి ఒక గీత కనిపించడం. ఓవర్ అండర్ నుంచి వచ్చినవాళ్లకి కన్ను త్వరగా కుదురుతుంది.

మీ ప్రశ్నలో అందరూ దాటేసిన మాట ఒకటి ఉంది. గుండ్లు కింద నుంచి పోతున్నాయి అన్నారు. షాట్‌గన్‌లో వెనక సైటు ఉండదు, మీ కన్నే వెనక సైటు. కన్ను రిబ్‌కి ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి గుండ్లు పైకో కిందకో పోతాయి. కన్ను నుంచి మూతికి సుమారు 90 సెంటీమీటర్లు, టార్గెట్ 36 మీటర్ల దూరం అనుకుంటే అది 40 రెట్లు. అంటే కన్ను 3 మిల్లీమీటర్లు కిందకి దిగితే అక్కడ గుండ్లు 12 సెంటీమీటర్లు కిందకి పోతాయి. ఇప్పుడు మీ కర్ర అలాగే ఉంచి రిబ్ మాత్రం 6, 7 మిల్లీమీటర్లు పైకి లేపారనుకోండి, రిబ్‌తో పోలిస్తే మీ కన్ను అంత కిందకి దిగినట్టే. ఇప్పుడే కింద పోతున్నవాళ్లు ఇంకా కిందకి పోతారు, లేదా చెంప కర్ర మీది నుంచి లేపి తల గాల్లో పెట్టుకుని కాలుస్తారు. రెండూ చెడ్డవే. ఎత్తు రిబ్ వేస్తే కర్ర కూడా మార్చాలి, అప్పుడు అది తాతగారి తుపాకీగా మిగలదు.

పాతవాళ్లు రిబ్‌ని ఎత్తుపల్లాలకే వాడారు, గాలి కోసం కాదు. 1806లోనే లండన్‌లో జోసెఫ్ మాంటన్ ఎత్తు రిబ్‌కి పేటెంట్ తీసుకున్నాడు, వెనక ఎత్తుగా ఉంటే గుండ్లు కాస్త పైకి పోతాయని. సైడ్ బై సైడ్‌లో అది అవసరం కూడా, ఎందుకంటే పక్కపక్కన ఉన్న గొట్టాలు నిలువు దిశలో అంత బిరుసుగా ఉండవు, పేలినప్పుడు మూతి కొద్దిగా కిందకి వంగుతుంది. ఓవర్ అండర్‌లో ఒకదాని మీద ఒకటి ఉండటం వల్ల ఆ వంపు బాగా తక్కువ.

కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, మొత్తం చల్లగా ఉన్నప్పుడు పెద్ద కాగితం మీద చుక్క పెట్టి 36 మీటర్ల నుంచి ఆరు తూటాలు కాల్చండి, తూటా తూటాకీ వేరే కాగితం, తుపాకీ ఎత్తి వెంటనే కాల్చాలి, రైఫిల్‌లా గురి పెట్టి కూర్చోకూడదు. గుండ్ల గుంపు మధ్య ఎక్కడ పడిందో కొలవండి. రెండు, రెండు రౌండ్లు ఆడి బాగా వేడెక్కాక అదే మళ్లీ చేయండి. చల్లగా ఉన్నప్పుడూ కిందే పడుతుంటే తప్పు సెగది కాదు.

ఇంకొకటి అడగాలి. నాలుగో రౌండ్లో మీ ఎడమ చెయ్యి ఎక్కడ ఉంటోంది?

ట్రాప్_ఉదయం:

మంచి ప్రశ్న వేశారు రెండో_గొట్టం గారూ. సైడ్ బై సైడ్‌కి ముందు కర్ర సన్నగా ఉంటే వేళ్లు నేరుగా గొట్టాల మీదే పడతాయి. కంటికి సెగ తెలియకముందే వేళ్లకి కాలుతుంది. దానికే తోలు తొడిగిన ఉక్కు హ్యాండ్ గార్డ్ ఉంటుంది, గొట్టాల కింద నుంచి జారుస్తారు. పాత_పన్నెండు గారూ, మీది సన్న కర్రేనా?

పూస కదులుతోంది అన్నారు కాబట్టి ఒక చనువైన మాట, ఏమనుకోకండి. పూస అంత స్పష్టంగా కనిపిస్తోందంటే మీ చూపు దాని మీదే నిలిచి ఉంది. పిలిచే ముందు చూపు దూరంగా, టార్గెట్ బయటికి వచ్చే చోట మెత్తగా ఆనించి ఉండాలి. అప్పుడు పూస, రిబ్, సెగ అన్నీ మసకగా కింద ఎక్కడో ఉంటాయి. నా విద్యార్థి ఒకామె ఇలాగే సెగ సెగ అని బాధపడేది. పూస విప్పేసి నెల రోజులు ఆడమన్నాను. వారం తిరిగేసరికి ఆ మాటే ఎత్తడం మానేసింది.

పాత_పన్నెండు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. పది రోజులు పట్టింది, చెప్పినవన్నీ చేసి చూశాను.

ముందు ఆకురాయి గారి మాట. చాంబర్ 70 అని బ్యారెల్ మీద ముద్ర ఉంది, కొలిపించాను కూడా, సరిగ్గానే ఉంది. గోడ మందానికీ భయం లేదన్నారు. దూలానికి దారం కట్టి వేలాడదీసి తట్టాను. మొదటి దెబ్బకే ఖంగుమని మోగింది, ఇంట్లో పడుకున్న పిల్లలు లేచొచ్చేంత మోత, అదీ అయిదారు సెకన్లు సాగింది. మొద్దు శబ్దం ఎక్కడా లేదు. నీలం రంగు ఏ పద్ధతిలో వేస్తారని ఆయన్ని అడిగితే వేడి ద్రావణంలోనే అన్నాడు, అది టంకానికి మంచిది కాదట కదా అంటే "అందరికీ అలాగే చేస్తున్నాం" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ మోత విన్నాక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వాలనిపించలేదు.

కాగితాల పరీక్ష. చల్లగా ఉన్నప్పుడు ఆరింటిలో అయిదు కిందే, సగటున 15 సెంటీమీటర్లు కింద. రెండు రౌండ్లు ఆడాక మళ్లీ ఆరు, అవీ 15, 16 దగ్గరే. అంటే మొదటి నుంచీ కిందే కాలుస్తున్నాను, సెగకీ దానికీ సంబంధం లేదు. 40 రెట్ల లెక్క ప్రకారం 4 మిల్లీమీటర్లు చాలు. కర్ర మీద చెంప ఆనే చోట తోలు పట్టీలు ఒకదాని మీద ఒకటి అంటించి 4 మిల్లీమీటర్లు లేపాను, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు. మళ్లీ కాలిస్తే గుంపు మధ్య చుక్కకి రెండు వేళ్లు పైన పడింది. ట్రాప్‌కి అంత పైన ఉండటం మంచిదే అన్నారు అక్కడివాళ్లు.

ఎడమ చెయ్యి సంగతి. నాకే తెలియదు కాబట్టి ఫ్రెండ్‌ని వీడియో తీయమన్నాను. అవును, సన్న కర్రే. మొదటి రౌండ్లో వేళ్లు గొట్టాల మీద ముందుకి చాచి ఉన్నాయి. నాలుగో రౌండ్లో చెయ్యి బెత్తెడు వెనక్కి వచ్చేసింది, కర్ర మీద ముడుచుకుని ఉంది. కాలుతోందని నాకు తెలియకుండానే వెనక్కి జరిపేస్తున్నాను. చెయ్యి వెనక్కి వచ్చేసరికి మూతి బరువై ఊపు ఆలస్యమవుతోంది, పైకి లేచే టార్గెట్‌ని అందుకోలేక కిందే ఆగిపోతోంది. వీడియోలో పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేడానో.

తోలు హ్యాండ్ గార్డ్ వేసుకుని మొన్న వంద ఆడాను. 19, 20, 18, 19. సెగ అలాగే ఉంది, వెతికితే కనిపిస్తుంది.

ఆకురాయి:

చాలా సంతోషం. హ్యాండ్ గార్డ్ లోపల తేమ చేరుతుంది, ఆట అయిపోగానే జార్చి తీసేసి దాని కింద గొట్టాలకి నూనె రాయండి, లేకపోతే తోలు ఉన్నంత మేర గోధుమ రంగు మచ్చ పడుతుంది. ఏడాదికోసారి ఆ తట్టుడు పరీక్ష చేసుకోండి.

పొలంగట్టు:

ఓవర్ అండర్ ఆలోచన మానుకున్నట్టేనా?

పాత_పన్నెండు:

మానలేదండీ. వచ్చే ఏడాదికి ట్రాప్ కోసమే ఒకటి తీసుకోవాలని ఉంది, అది మాత్రం వెంటిలేటెడ్ రిబ్‌తోనే, ట్రాప్_ఉదయం గారు చెప్పినట్టు కింది గొట్టం కాల్చుకుంటూ పోవచ్చు. తాతగారిది మాత్రం ఆయన ఇచ్చినట్టే ఉంటుంది. దానికి ఇప్పుడు మీద అంటించిన తోలు పట్టీ ఒక్కటే కొత్తది.